చింతాయన మళ్లీ వచ్చాడు

ప్రియమైన మిత్రమా,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయనందుకు ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇంట్లో అందరూ క్షేమం, అమ్మాయి పరీక్షలు అయిపోయాయి, నా మోకాలి నొప్పి ఎక్కడిదక్కడే ఉన్నది. ఇంతకు మించి కుశల ప్రశ్నలకు ఈ ఉత్తరంలో చోటు లేదు, ఎందుకంటే మూడు వారాల క్రితం మా కంపెనీలో జరిగిన సంగతి నీకు చెబితే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

మేము నీళ్లు కాచుకునే కరెంటు కెటిళ్లు తయారు చేస్తామనీ, వినియోగదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ నా బల్ల మీదుగానే పోతాయనీ నీకు తెలుసు. ఒక విడతలో తయారైన కెటిళ్లకు పిడి వదులవుతున్నదని ఫిర్యాదులు మొదలయ్యాయి. మొదటి రెండింటినీ మామూలు మరమ్మతుల కింద జమకట్టాము (అందులో ఒకదాని మీద నా సంతకమే ఉన్నది, దాచను). మూడవది ఒక సోమవారం ఉదయం వచ్చింది. పిడి ఊడి, ఒకావిడ చేతి మీద మరిగే నీళ్లు పడ్డాయి. ఆ కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతూ ఉండగానే, వారం ముందే అమర్చిపెట్టిన ప్రచార సందేశం సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు దానంతట అదే కొనుగోలుదారులందరి ఫోన్లకూ వెళ్లిపోయింది. "ఈ సాయంత్రం వెచ్చదనం మీ చేతుల్లో!" అన్నది ఆ సందేశం. ఆవిడకూ వెళ్లింది. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. కట్టు కట్టిన చేతి ఫొటో పంపి, కింద ఒకే మాట రాసింది: "అందింది."

మర్నాడు ఉదయం అత్యవసర సమావేశం. న్యాయ విభాగం వారు ఒక ప్రకటన రాసి తెచ్చారు. "కొందరు వినియోగదారులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని అందులో మొదటి వాక్యం చదవగానే నాకు నవ్వు ఆగలేదు. హాస్టల్లో పదకొండు రోజులు నీళ్లు రాకపోతే, అచ్చం ఇలాగే "చింతిస్తున్నాము" అని మన చింతాయన గోడకు అంటించిన కాగితం గుర్తుకొచ్చింది. నీ బకెట్ సంగతి ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఇంకెవరి చేతిలోనైనా పడితే నీ పరువు పోతుంది. అందరూ నా వైపు చూశారు. కాలిన చేతిని అసౌకర్యం అనకూడదని మాత్రం చెప్పగలిగాను.

మా ప్రచార విభాగంలోని కుర్రవాడు, చురుకైనవాడే, కె.ఎఫ్.సి. దారి పడదామన్నాడు. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో సరఫరా సంస్థను మార్చాక కోడిమాంసం అందక వాళ్ల దుకాణాలు సగానికి పైగా మూతపడ్డాయి. అప్పుడు వాళ్లు తమ పేరులోని మూడు అక్షరాలనూ తారుమారు చేసి, తమను తామే బూతు తిట్టుకున్నట్టుగా ఖాళీ బకెట్ మీద అచ్చువేసి, పత్రికల్లో పూర్తి పేజీ క్షమాపణ చెప్పుకున్నారు, జనం నవ్వి ఊరుకున్నారు. కానీ అక్కడ పోయింది ఒక పూట భోజనం, ఇక్కడ కాలింది ఒక మనిషి చెయ్యి. దెబ్బ తగలని చోట చమత్కారం చెల్లుతుంది కానీ, కట్టు కట్టిన చోట చెల్లదని నేను వాదించాను.

నేను చెప్పింది టైలినాల్ అనే నొప్పి మందు సంగతి. 1982 సెప్టెంబరు చివర షికాగో ప్రాంతంలో ఎవరో దుకాణాల్లోని ఆ మందు క్యాప్సూళ్లలో సయనైడ్ అనే విషం కలపడంతో ఏడుగురు చనిపోయారు. విషం కలిపింది బయటివాళ్లే అయినా, చావులు ఒక్క ప్రాంతంలోనే సంభవించినా, ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ అమెరికా అంతటా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి పిలిచింది. పది కోట్ల డాలర్లకు పైగా నష్టం అది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది వేరొకటి: వాళ్లు ప్రకటనలు ఆపేసి, మా మందు వేసుకోవద్దని తామే జనానికి చెప్పారు. నవంబరులో మూడు అంచెల సీలుతో మళ్లీ అంగళ్లలోకి వచ్చి, ఏడాది తిరిగేలోగా పోయిన మార్కెట్‌లో చాలా భాగం తిరిగి దక్కించుకున్నారు. మేమేమో వాడవద్దని చెప్పవలసిన రోజున వెచ్చదనం అమ్ముతున్నాము!

చివరికి ప్రచార సందేశాలన్నీ ఆపించి, నేనే నాలుగు వాక్యాలు రాశాను: కెటిల్ వాడకండి, ప్లగ్ తీసేయండి, తిరగేసి అడుగున ఉన్న నంబరు చూడండి, మాకు ఫోన్ చేయండి. ఇంత శుభ్రంగా రాసినవాడిని, తిరగేసే ముందు నీళ్లు పారబోయమని రాయడం మరిచాను. అదృష్టం కొద్దీ చన్నీళ్లే కానీ, ఒక పెద్దాయన ఒళ్లంతా తడుపుకుని మాకు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో సవరించిన సందేశం వెళ్లింది.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. మా కెటిళ్లు అమ్మే దుకాణదారులకు ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు, వాళ్లకు ఈ సంగతి కొనుగోలుదారుల నోట తెలిసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు, ప్రయాణికులకు ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ కూడా ఆ ఇళ్ల యజమానులను సంప్రదించకుండానే అతిథులకు డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తామని ప్రకటించి, ఆ తర్వాత యజమానులకు క్షమాపణ చెప్పి, 25 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. మా దగ్గర అంత డబ్బు లేదు కనుక నేను వరుసగా రెండు రోజులు ఫోన్లో తిట్లు తిన్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. చెయ్యి కాలిన ఆవిడకు నేనే స్వయంగా ఫోన్ చేశాను. చికిత్స ఖర్చుల గురించి చెబుతూ ఉంటే మధ్యలో ఆపి, "ఆ వెచ్చదనం వాక్యం ఎవరు రాశారండీ?" అని అడిగింది. న్యాయ విభాగం వారు రాసిచ్చిన కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. "నేనేనండీ" అన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత, "కొత్త పిడి పెట్టాక ముందు మీ ఇంట్లో వాడి చూడండి, అప్పుడు నాకు పంపండి" అన్నది. ఆ కొత్త పిడి ఈ రోజే నా బల్ల మీదకు వచ్చింది, సాయంత్రం ఇంటికి తీసుకుపోతున్నాను, మా ఆవిడ దాన్ని చూసి ఏమంటుందో

కింది అంతస్తు నుంచి పిలుస్తున్నారు, వెళ్లాలి. బకెట్ జాగ్రత్త.

నీ
పాత గది మిత్రుడు