శుక్రవారం బైబిల్ స్టడీ: యెహెజ్కేలు 8–11

అందరికీ వందనాలు. స్టడీ సాయంత్రం 7కి. నాలుగు అధ్యాయాలూ ఒకేసారి చదివి రండి. 8తో ఆపేస్తే తీర్పు అర్థం కాదు.

8లో చూడాల్సినవి: ఉత్తర ద్వారం దగ్గర రోషం పుట్టించే విగ్రహం, చీకట్లో ధూపార్తులు పట్టుకున్న 70 మంది పెద్దలు, తమ్మూజు (బబులోనువాళ్ల దేవుడు) కోసం ఏడ్చే స్త్రీలు, మందిరానికి వీపు తిప్పి సూర్యుడికి మొక్కే సుమారు 25 మంది. ఇదంతా యెరూషలేము మందిరంలోనే! అందుకే 9:6లో శిక్ష పరిశుద్ధ స్థలం దగ్గరే మొదలవుతుంది.

9:4 దాటేయకండి. సిరాబుడ్డి ఉన్న మనిషి ఎవరి నొసట గురుతు వేశాడో నోట్‌బుక్‌లో రాసుకోండి. తీర్పులో కనికరం కనిపించేది అక్కడే.

10:4, 10:19, 11:23 వరుసగా చూసి, యెహోవా మహిమ మందిరం గడప నుంచి కొండ దాకా వెళ్లిన దారి పెన్సిల్‌తో గీసి తెండి.

బైబిల్, పెన్సిల్ మరవద్దు. రాలేనివాళ్లు గురువారంలోగా ఇక్కడే చెప్పండి.