పిల్లల, యువత ఎదుగుదల కొలతలు: సర్వసభ్య సమావేశానికి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా ఈ ఏటి పనిలోకి వస్తున్నాను. ముందు కృతజ్ఞతలు. మూడు కేంద్రాల అంగన్వాడీ టీచర్లకు, ఆయాలకు, ఆశా అక్కలకు, ఏఎన్ఎం గారికి, హైస్కూలు హెడ్మాస్టరు గారికి, పీఈటీ సారుకు, ముద్ర వేసిన తూకం రాళ్ళు అరువిచ్చిన కిరాణా షాపు వారికి, పైసా తీసుకోకుండా ఎత్తు బల్ల చేసిపెట్టిన వడ్రంగికి, పంచాయతీ పాలకవర్గానికి సంఘం తరఫున పేరుపేరునా ధన్యవాదాలు. పనులు మానుకుని పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులకు, నానమ్మలకు, అమ్మమ్మలకు అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నాం.

ఈ ఏడు సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటే. నిరుడు సెప్టెంబరులో తూచిన పిల్లల్నే ఈ సెప్టెంబరులో మళ్ళీ తూచాం. ఇది చిన్న సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 2015-16లో 28 శాతం ఉంటే, 2019-21 నాటికి 33.1 శాతం అయ్యారు. రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి ఎక్కింది. కానీ ఆ సర్వే జిల్లా వరకే చెబుతుంది, మన ఊరి సంగతి చెప్పదు. పైగా రెండుసార్లూ కొలిచింది వేర్వేరు పిల్లల్ని. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, 2001-02లో పుట్టిన దాదాపు రెండు వేల మందినీ, 1994-95లో పుట్టిన దాదాపు వెయ్యి మందినీ ఏళ్ళ తరబడి వెంబడించింది. అదే పిల్లవాడిని మళ్ళీ మళ్ళీ చూస్తేనే ఎవరు ఎక్కడ వెనకబడ్డారో తెలుస్తుంది. మనం పట్టుకున్నది ఆ దారే.

సెప్టెంబరే ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. దసరా దాటితే ఇటుక బట్టీలకు వెళ్ళే కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి. డిసెంబరులో తూస్తే ఊళ్ళో మిగిలిన పిల్లల సగటు బాగానే కనిపిస్తుంది. అది ఎదుగుదల కాదు, బక్కచిక్కిన పిల్లలు జాబితాలో లేకపోవడం. వానాకాలం విరేచనాల తర్వాత బరువు తగ్గి ఉంటుంది కాబట్టి, ఒక ఏడు సెప్టెంబరులో, మరో ఏడు ఫిబ్రవరిలో తూచి పోల్చినా మోసపోతాం.

కొలతల్లో ఎక్కడ తప్పు జరుగుతోందో నిరుడే పట్టుకున్నాం, ఈసారి చాలావరకు సరిదిద్దాం. కాంటాను చాప మీద పెట్టలేదు, షాబాద్ బండ మీద పెట్టాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అయిదు కిలోల రాయి పెట్టి చూశాం. వంద గ్రాములు తేడా వచ్చిన కాంటాను ఆ క్షణమే పక్కన పెట్టాం. కడియాలు, పట్టీలు, వెండి మొలతాడు తీయించాకే పిల్లల్ని ఎక్కించాం. మొలతాడు తీయడానికి ఇష్టపడని ఇళ్ళు ఉన్నాయి. అక్కడ బలవంతం చేయకుండా రిజిస్టరులో 'మొ' అని గుర్తు పెట్టాం. వచ్చే ఏడు కూడా దానితోనే తూయాలి.

ఎత్తు దగ్గర తప్పులు ఇంకా ఎక్కువ. రెండేళ్ళలోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపైన వాళ్ళను నిలబెట్టి కొలవాలి. పడుకోబెడితే సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. ఆ తేడా లెక్కలోకి తీసుకోకపోతే రెండో పుట్టినరోజు దాటగానే పిల్ల కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. నిరుడు బడి గోడకు టేపు అంటించి కొలిచాం. గోడ అడుగున టైలు ముందుకు పొడుచుకొచ్చి మడమలు గోడకు ఆనలేదు. ఈసారి బల్ల వచ్చింది కాబట్టి ఆ బాధ తప్పింది. జడ, పిలక, హెయిర్‌బ్యాండు తీసేశాం. ప్రతి బిడ్డకు రెండుసార్లు కొలత తీసుకున్నాం. అర సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి కొలిచాం.

రాసినవాళ్ళ పనిని సరిచూడటానికి ఒక సులువైన ఉపాయం ఉంది. చివరి అంకెలు లెక్కపెట్టండి. నిజంగా చూసి రాస్తే సున్నా, అయిదు కలిపి పదింటిలో రెండు వస్తాయి. సగానికి సగం అవే ఉంటే ఉజ్జాయింపుగా రాశారని అర్థం. ఒక బృందం మొదటిరోజు పుస్తకం అలాగే తేలింది. ఆ పిల్లలందర్నీ మర్నాడు తిరిగి కొలిచాం.

వయసు తప్పితే అన్నీ తప్పినట్టే. మూడు నెలల తేడా చాలు, బిడ్డ ఎదుగుదల పట్టికలో ఒక గడి నుంచి మరో గడిలోకి జారిపోవడానికి. బడి రిజిస్టరులో జూన్ పుట్టినరోజులు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. అందుకే తల్లీబిడ్డల కార్డే చూశాం. కార్డు లేనిచోట బతుకమ్మకు ముందా, సంక్రాంతి తర్వాతా అని నానమ్మల్ని అడిగి నెల తేల్చాం.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకు ఎడమ జబ్బ చుట్టుకొలత కూడా తీశాం. 11.5 సెంటీమీటర్లకు తక్కువ వస్తే తీవ్ర పోషకాహార లోపానికి గుర్తు, అలాంటివాళ్ళను ఆ రోజే ఏఎన్ఎం గారికి చూపించాం. ఆ రంగుల టేపు బిగించి లాగితే ప్రమాదం చెప్పే ఎర్ర గీత, వదులు చేస్తే బాగున్నట్టు చెప్పే ఆకుపచ్చ వస్తుంది. చర్మానికి ఆనాలి, నొక్కకూడదు.

పెద్ద పిల్లల విషయానికి వస్తే, హాజరును రిజిస్టరులో చూడలేదు, మధ్యాహ్న భోజనం బంతిలో తలలు లెక్కపెట్టాం. మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అయిదు ప్రశ్నల పత్రం వాడాం. గత రెండు వారాల గురించి అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి అయిదు, మొత్తాన్ని నాలుగుతో గుణించాలి, యాభైకి తక్కువైతే పలకరించాలి. అమ్మ పక్కనుంటే పిల్లలు అన్నీ బాగున్నాయనే రాస్తారు. ఒంటరిగా కూర్చోబెట్టాకే నిజం బయటికొచ్చింది. పదో తరగతి తర్వాత చదువు ఆపి, పనీ దొరకని యువకుల్ని మాత్రం సరిగా చేరుకోలేకపోయాం. పగలు వెళితే ఇళ్ళలో ఉండరు.

ఫలితాల పట్టిక అనుబంధంలో ఉంది, పిల్లల పేర్లు లేవు. రెండుసార్లూ దొరికిన పిల్లలు ఒక గడిలో, ఒక్కసారే దొరికినవాళ్ళు వేరే గడిలో ఉన్నారు. దయచేసి రెండూ కలిపి మాట్లాడవద్దు.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిటరు సంతకం అయింది. సందేహాలుంటే కోశాధికారిని అడగగలరు.

బాధతో రెండు మాటలు. వస్తామని వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ళంతా వచ్చి ఉంటే ప్రతి బల్ల దగ్గరా ముగ్గురు ఉండేవాళ్ళు. ఒకరు మోకాళ్ళు పట్టుకోవాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. ఇద్దరే ఉంటే మోకాళ్ళు వంగుతాయి, ఎత్తు తగ్గుతుంది. రెండో రోజు మధ్యాహ్నం నాలుగు బల్లల్లో రెండింటిని మూసేయాల్సి వచ్చింది. ఎండలో బిడ్డల్ని చంకనేసుకుని నిలబడిన తల్లులకు మనం ఏం జవాబు చెప్పాలి? ఒక కేంద్రంలో కాంటా చెడిపోయిందని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. రసీదులున్నాయి, జవాబు లేదు. ఆ కేంద్రంలో నెలనెలా రిజిస్టరులో ఎక్కించే బరువులు దేని మీద తూచినవో అడిగే హక్కు మనకుంది.

ఈ సమావేశం రెండు తీర్మానాలు ఆమోదించాలని కోరుతున్నాను. ఒకటి, పసిపిల్లల్ని పడుకోబెట్టి కొలిచే బల్ల ఇంకొకటి కొనడం. రెండు, వచ్చే సెప్టెంబరు కొలతలకు పన్నెండు మంది పేర్లు ఇప్పుడే ఖాయం చేయడం. శిక్షణ ఆగస్టు చివరి రెండు ఆదివారాలు బడిలో ఉంటుంది. రెండు రోజులూ రాగలిగినవాళ్ళే రిజిస్టరులో సంతకం పెట్టండి. రిజిస్టరు గుమ్మం పక్కన బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి