హన్మకొండ చౌరస్తా మందుల షాపు తమ్ముడికి

మా పిల్ల మందు సంగతిల నువ్వు చేసిన సాయానికి దండాలు చెప్పాలె. నీ పేరు తెల్వదు తమ్ముడూ, అందుకే ఇక్కడ రాస్తున్న. కండ్లల్ల నిద్ర ఇంకా పోలే, తప్పులుంటే సర్దుకోండి.

తలసేమియా (ఒంట్ల రక్తం సరిగ్గ తయారుగాని జబ్బు, మాటిమాటికి రక్తం ఎక్కియ్యాలె) పిల్లలున్న ఇండ్లల్ల ఈ పంచాయితీ ఎరుకే. ఎక్కించే ఒక్కో రక్తం సంచితోని 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లకు పోతది. దాన్ని బయటికి పంపే తొవ్వ ఒంటికి లేదు. గుండెల, కాలేయంల పేరుకుంటది. అందుకే ఆ ఇనుమును బయటికి పంపే డెఫెరాసిరాక్స్ గోలి రోజూ వెయ్యాలె, మా పిల్లది నీళ్లల్ల కరిగించి తాగే రకం. జ్వరం గోలి గుణం తెల్లారేసరికి కనబడ్తది. ఇది మానేస్తే ఫెరిటిన్ పరీక్ష (ఒంట్ల ఇనుము ఎంత పేరుకుందో చెప్పే రక్తపరీక్ష) దాకా ఏం తెల్వదు. పెద్దోళ్లకు "ఒక్కరోజుకు ఏమైతది" అనిపిస్తది, పిల్లలకేమో "నాకేం నొస్తలేదు గదా" అని.

ఆ తమ్ముడు చీటీ చూసి నన్నేం అడగలే. కౌంటర్ మీదికెల్లి వంగి, "ఏం బిడ్డా, తాగుతాంటె ఎక్కడ కష్టమైతాంది?" అని పిల్లనే అడిగిండు. నాకు అక్కడే ఏడ్పొచ్చింది. మేం రుచి అంటం, మొండితనం అంటం. పిల్ల చెప్పింది వేరే: ఆఖరికి ఇసుక లెక్క గొంతుకు అంటుతదట, పొద్దుగాల తాగితే బడిల కడుపు నొస్తదట, అడిగితే బయటికి పంపరట.

ఎనక మంది నిలబడ్డా తొందరపడలే. సిరప్ మూతతో పదేసి మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు గాజు గిలాసల పోసి, మార్కర్‌తో గీత గీసిండు. గ్రాము లోపు మోతాదుకు ఆ 100 మిల్లీలీటర్లు చాలు. నిండు గిలాస పోస్తే తాగలేక అడుగున మందు వదిలేస్తరు. నీళ్లల్ల గానీ నారింజ రసంల గానీ వేసి, గడ్డలు పోయేదాకా కలపాలె. పాలు, సోడా వద్దు. ఈ కరిగే రకాన్ని నమలొద్దు, గోలిని అట్లనే మింగొద్దు. తాగినంక గిలాసకు అంటింది ఇంకిన్ని నీళ్లు పోసి తిప్పి తాగాలె, మందు అండ్లనే ఉంటది. తిండికి అరగంట ముందు, పరగడుపున, రోజూ ఒక్కటే యాళ్లకు. డాక్టరుకు తనే ఫోన్ చేసి, బడి నుంచి వచ్చినంక సాయంత్రానికి మార్పించిండు.

ఇదంతా గోలీలు ఇచ్చిన కాడ ఎవరు చెప్పాలె? చీటీ మీద "1-0-0" (పొద్దుగాల ఒకటి అని) రాసి పంపుతరు. స్టాకు లేదని ఓసారి, వేరే కంపెనీ అని ఓసారి. కరిగే 500 మిల్లీగ్రాముల గోలికి సమానమైంది మింగే రకంల 360 మిల్లీగ్రాములది. చూసుకోకుంట అంకెకు అంకె మారిస్తే మోతాదే తప్పుతది. అడిగితే విసుక్కునుడు.

మా ఆయన, అత్తమ్మ, చెల్లె ఉండనే ఉన్నరు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఆఁ, నరం దొరకకున్నా పిల్లను ఏడిపించని నర్సమ్మకు దండాలు. పైసలు రేపియ్యమన్న ఆటో అన్నకు గూడ. రక్తమిచ్చిన కాలేజీ పోరగాండ్లను మర్చేపోయిన, వాళ్లు లేకుంటే ఈ గోలీల ముచ్చటే లేకపోవు. ల్యాబ్‌ల చీటీ వెతికిచ్చిన అక్కకు గూడ.