తులం, తలాంతు, టాలెంట్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ పరీక్షల మార్కులు ఇచ్చినప్పటి నుంచి నా గదిలో ఒకే మాట వినబడుతోంది. "మావాడికి టాలెంట్ లేదు మేడమ్, ఏం చేయమంటారు?" పక్కనే ఆ పిల్లాడు నేలచూపులు చూస్తూ నిలబడి ఉంటాడు. అందుకని ఈ నెల బస్సులూ యూనిఫారాల సంగతి పక్కనపెట్టి, ఆ మాట సంగతే రాస్తున్నాను.

టాలెంట్‌కి మొదట్లో తెలివితేటలతో సంబంధమే లేదు. గ్రీకులో 'తలాంతోన్' అంటే త్రాసు, ఆపైన అందులో తూచే బరువు. మన 'తుల', బంగారు కొట్లో మనం అడిగే 'తులం' కూడా దీనికి చుట్టాలే. ఏథెన్సు వాళ్ల తలాంతు సుమారు 26 కిలోలు. జీఎస్టీ తప్పించుకోవడానికి మిల్లుల వాళ్లు 25 కిలోల బియ్యం బస్తాను 26 చేశారు చూడండి, దాదాపు అంత! అంత బరువు వెండిని నాణేలుగా లెక్కిస్తే 6000 డ్రాక్మాలు. అలా బరువు పేరే డబ్బు పేరైంది.

ఆ డబ్బు 'ప్రతిభ'గా మారింది బైబిల్లోని ఒక కథ వల్ల. మన గుంటూరులో చర్చికి వెళ్లే పిల్లలకు తలాంతు కొత్త మాట కాదు, తలాంతుల పోటీల్లో పాడి బహుమతులు తెచ్చుకునేవాళ్లు మన బడిలోనూ ఉన్నారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఒక యజమాని ఊరు వెళ్తూ ముగ్గురు దాసులకు అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. ఇద్దరు వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు గొయ్యి తవ్వి పాతిపెడతాడు. తలాంతు అంటే దేవుడిచ్చిన శక్తి అని ఈ కథకు అర్థం చెప్పుకోగా చెప్పుకోగా, 15వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో ఇప్పటి అర్థం స్థిరపడింది.

మతబోధ అనుకోకండి, కథలో రెండు సంగతులు మాత్రం చూడండి. యజమాని 'ఎవని సామర్థ్యము చొప్పున వానికి' ఇచ్చాడని ఉంది. అంటే ఆ కథలో సామర్థ్యం వేరు, తలాంతు వేరు. సామర్థ్యం మనిషిలో ముందే ఉంది, తలాంతు అతని చేతికి వచ్చిన పెట్టుబడి. రెండోది, ఆ ఒక్క తలాంతూ చిన్నమొత్తం కాదు. రోజుకూలి ఒక దేనారం అయిన కాలంలో అది 6000 దేనారాలు, ఇరవై ఏళ్ల కూలి! మరి అతనెందుకు పాతిపెట్టాడు? "భయపడ్డాను" అని తనే చెప్పాడు. పిల్లాడి ముందే 'లేదు' అనేస్తుంటే మనం చేతికి గునపం ఇస్తున్నట్టే కదా.

మనవాళ్ల ఆలోచన నాకు ఇంకా నచ్చుతుంది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కవిత్వం పుట్టడానికి శక్తి, నిపుణత, అభ్యాసం కావాలన్నాడు. పుట్టుకతో వచ్చేది, లోకాన్నీ శాస్త్రాల్నీ చూసి నేర్చేది, తెలిసినవారి దగ్గర పదేపదే చేసేది. ఇవి మూడు కారణాలు కావు, మూడూ కలిస్తేనే ఒక్క కారణం అని పట్టుబట్టి ఏకవచనం వాడాడు. మనం మొదటిదాన్ని మాత్రం పట్టుకుని 'ఉందా, లేదా' అని అడుగుతున్నాం. ఊళ్లో గోడగోడకీ ఉన్న టాలెంట్ టెస్టు పోస్టర్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

మొన్న లైబ్రరీలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అట్ట ఊడిన నిఘంటువును బాగుచేస్తోంది. మైదా జిగురు ఉడికించి తెచ్చింది, పాత కుట్టు విప్పింది, వెన్ను మీద గుడ్డపట్టీ అతికించింది, ముడతలు రాకుండా స్కేలు అంచుతో నొక్కుతూ పోయింది. జిగురు పలచనైందని మొదటి పట్టీ పీకేసి మళ్లీ అతికించింది. ఆ అమ్మాయి ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు ఎదురుగా మా టీచరే 'యావరేజ్' అని రాశారు.

ఈ టర్మ్ నుంచి కార్డుల్లో 'టాలెంటెడ్', 'యావరేజ్' అని రాయం. పిల్లలు ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో రెండు వాక్యాలు రాస్తాం. టీచర్లకు పని పెరుగుతుంది, ఒప్పించడానికి కాస్త కష్టపడ్డాను. మీ వైపు నుంచి ఒకటే అడుగుతున్నాను. కార్డు మీద సంతకం చేసేటప్పుడు, ఇంట్లో మీ పిల్లలు మానకుండా చేసే పని ఏదైనా ఉంటే కింద ఖాళీలో రాయండి. తెలుగులోనే రాయండి. కార్డులు శనివారానికల్లా క్లాస్ టీచర్‌కు చేరాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు