అద్దం ముందు మా నాన్నతో ఆగినందుకు

మొన్న ఆదివారం హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మాకు కనిపించిన క్యూరేటర్ మేడమ్‌గారికి,

మీ పేరు అడగడం మర్చిపోయాం. మా నాన్న 40 ఏళ్లు వడ్రంగం చేశారు. ఆ కర్ర బొమ్మ ముందు అలా నిలబడిపోయారు: ఇటువైపు ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, అటువైపు అదే నాటకంలోని అమ్మాయి, తలవంచుకున్న మార్గరెట్టా, రెండూ ఒకే దుంగలో. వెనక ఆ అద్దం లేకపోతే చాలామంది ఆ అమ్మాయిని చూడకుండానే వెళ్లిపోతారని, ఏ వస్తువును ఎక్కడ ఎలా ఉంచాలన్నది మీ పనిలో పెద్ద భాగమని మీరు చెప్పారు.

వానాకాలం తలుపులు ఉబ్బినట్టు ఇదీ ఉబ్బుతుందా అని నాన్న అడిగారు. తేమ పెరిగినా తగ్గినా కర్రకు ముప్పేనని చెప్పి, పగుళ్లు ఎలా మొదలవుతాయో మీరు ఓపిగ్గా వివరించారు. పని తెలిసిన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు, అది నాకు ఎంతో నచ్చింది. ఇంటికొచ్చాక కూడా నాన్న ఆ గౌను మడతల ఉలిపని గురించే చెబుతున్నారు.

ఆ పావుగంటకు మీకు చాలా చాలా కృతజ్ఞతలండీ.