కొరత డిగ్రీలది కాదు, జీతాలది

అయ్యా,

టీచర్లు దొరకడం లేదు కాబట్టి అర్హతలు సడలించాలంటున్నారు. ఈ మందు పాతదే. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ముందే అయిదేళ్ల సడలింపుకు వీలిచ్చింది. చాలక 2017లో సవరించి, శిక్షణ లేనివారికి 2019 మార్చి 31 దాకా గడువు పొడిగించారు.

మా కోనసీమలో బీఈడీ చేసి, టెట్ పాసై ఖాళీగా ఉన్నవాళ్లు ఊరూరా కనిపిస్తారు. చాలీచాలని జీతంతో, ఏడాదికోసారి తీసేసే తాత్కాలిక కొలువు కోసం వాళ్లు వరదరోజుల్లో రేవు దాటి, గోదావరి మధ్య దీవుల్లాంటి లంక ఊళ్ల బడికి ఎందుకొస్తారు? అమలాపురంలో ట్యూషన్లు చెప్పుకున్నా అంతకంటే నయం. అసలు సడలింపు మేష్టర్లు కార్పొరేట్ స్కూళ్లకు కాదు, మా పిల్లలకే వస్తారు లెండి!

లంక బడులకు రెగ్యులర్ స్కేలు, ప్రత్యేక భత్యం, పడవ ఖర్చు ఇచ్చి చూడండి. దరఖాస్తులు రాకపోతే అప్పుడు అర్హతల సంగతి మాట్లాడదాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజోలు