గర్భిణుల నడుం నొప్పి: మా సెంటర్‌లో ఏం మార్చాం, ఎందుకు మార్చాం

మా ఫిజియోథెరపీ సెంటర్‌కు నడుం నొప్పితో వస్తున్న గర్భిణులకూ, ఇంతకుముందు వచ్చి వెళ్లినవాళ్లకూ ఈ మాట. రిసెప్షన్‌లో అందరికీ ఇస్తూ వచ్చిన ఒక పేజీ ఎక్సర్‌సైజ్ షీటును ఆపేశాం. అది మీ ఇంట్లో ఉంటే దయచేసి దాన్ని చూసి చేయడం మానేయండి. గర్భిణులకు పది సిట్టింగుల ప్యాకేజీ కూడా ఇక ఉండదు. ఇప్పటికే కట్టినవాళ్లకు మిగిలిన సిట్టింగుల డబ్బు తిరిగి ఇస్తున్నాం. మీరు అడగక్కర్లేదు, వరసగా మేమే ఫోన్ చేస్తున్నాం.

ఎందుకో దాచకుండా చెబుతాను. ఏడో నెలలో ఉన్న ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. ఫారంలో "నడుం నొప్పి" అని రాసుకున్నాం, పది నిమిషాలు చూశాం, షీటు చేతికిచ్చి పంపాం. అందులో నాలుగోది ఒంటి కాలి మీద నిలబడి రెండో కాలును పక్కకు ఎత్తడం, పదిసార్లు. రెండు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు లోపలికి రాలేక తలుపు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. "మీరు చెప్పినట్టే చేశాను మేడమ్, ఒక్కరోజు కూడా మానలేదు" అన్నారు.

కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడో చేత్తో చూపించమన్నాను. చెయ్యి నడుం మీదికి వెళ్లనే లేదు. బొటనవేలు ఇంకా కిందికి దిగి, కుడి పిరుదు మొదట్లో చిన్న గుంటలా ఉండే చోట ఆగింది. ఆ ఒక్క ప్రశ్న మొదటిరోజే అడిగి ఉంటే సరిపోయేది. అక్కడ నొప్పి ఉన్న మనిషితో ఒంటి కాలి మీద బరువు మోపిస్తే నొప్పి పెరుగుతుంది. మేం రోజూ పదిసార్లు మోపించాం. ఆ షీటు తయారుచేసింది నేనే, తప్పు నాదే. ఆ ఎక్సర్‌సైజ్ మాన్పించి, వేరే పద్ధతి మొదలుపెట్టాక ఆవిడ మెల్లగా కోలుకున్నారు. కానీ ఆ రెండు వారాల బాధ ఆవిడ పడాల్సింది కాదు.

గర్భిణులు "నడుం నొప్పి" అని చెప్పేదాంట్లో నిజానికి రెండు వేరువేరు నొప్పులు ఉంటాయి. ఒకటి అసలైన నడుం నొప్పి. పక్కటెముకల కింద నుంచి నడుం వరకు, వెన్నుకు అటూ ఇటూ పట్టేసినట్టు ఉంటుంది. ఎక్కువసేపు కూర్చున్నా, నిలబడినా, వంగినా పెరుగుతుంది. రెండోది కటి నొప్పి. వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకలతో కలిసేచోట, పిరుదుల పైన ఉంటుంది. కొందరికి ముందువైపు, పొత్తికడుపు కింద ఎముకలు కలిసేచోట కూడా ఉంటుంది. దీని గుర్తులు వేరు: పక్కమీద ఇటు నుంచి అటు తిరిగితే ప్రాణం పోయినట్టుంటుంది, మెట్లెక్కుతుంటే, కారు దిగుతుంటే, నిలబడి బట్టలు వేసుకుంటుంటే పొడిచినట్టుంటుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. కాలిలోకి జారే నొప్పినంతా సయాటికా అంటుంటారు గానీ, నిజంగా నరం నొక్కుకుపోయిన కేసులు గర్భిణుల్లో తక్కువే.

అందుకే ఇప్పుడు మొదటి విజిట్ ముప్పావుగంట. ముందు నొప్పి ఎక్కడో వేలితో చూపించమంటాం. తర్వాత ఒక చిన్న పరీక్ష. తల, భుజాల కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక కాలిని జానెడు ఎత్తమంటాం. ఎంత కష్టంగా ఉందో 0 నుంచి 5 లోపల ఒక అంకె చెప్పమంటాం. తర్వాత నేను రెండు అరచేతులతో రెండు తుంటి ఎముకలనూ పక్కల నుంచి దగ్గరికి నొక్కి పట్టుకుంటాను, మళ్లీ ఎత్తమంటాను. కటి నొప్పి ఉన్న చాలామందికి ఈసారి కాలు తేలిగ్గా లేస్తుంది. "అదేంటి, బరువు తగ్గినట్టుందే" అంటారు. అలా అన్నారంటే వాళ్లకు తుంటి చుట్టూ కట్టుకునే బెల్టు పనికొచ్చే అవకాశముందని, తుంటి చుట్టూ, పొత్తికడుపు లోపల ఉన్న కండరాలతో పని మొదలుపెట్టాలని మాకు తెలుస్తుంది. ఐదో నెల దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరగొచ్చు. కాబట్టి ఈ పరీక్ష త్వరగా ముగించి పక్కకు తిప్పేస్తాం.

ఇక మిషన్ల సంగతి. చాలామంది వచ్చీ రాగానే "మేడమ్, కరెంటు పెట్టరా?" అని అడుగుతారు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ (రేడియో తరంగాలతో ఒంటి లోపలి భాగాలను వేడిచేసే మిషన్) గర్భిణులకు పెట్టకూడదు, పెట్టం. చికిత్సకు వాడే అల్ట్రాసౌండ్‌ను కూడా నడుం, పొట్ట భాగంలో వాడం (ఇది బిడ్డను చూసే స్కానింగ్ కాదు, ఆ రెంటికీ సంబంధం లేదు). మిషన్ లేకపోతే వైద్యం జరగనట్టు కొందరికి అనిపిస్తుందని తెలుసు. ఈ మార్పు వల్ల కొందరు మా దగ్గరికి రావడం మానేశారు కూడా. అయినా ఇందులో మాకు మొహమాటం లేదు.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాలి. "రిలాక్సిన్ హార్మోన్ వల్ల మీ కీళ్లు వదులైపోయాయి, జాగ్రత్త" అని ఏళ్ల తరబడి చెప్పేదాన్ని. గర్భంలో ఆ హార్మోన్ పెరగడం నిజమే. కానీ అది ఎక్కువున్నవాళ్లకే నొప్పి ఎక్కువ ఉంటుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. నా మాట విని భయపడి నడక మానేసినవాళ్లున్నారు. కదలడం మానేస్తే కండరాలు ఇంకా బలహీనపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, డాక్టర్ వద్దని చెప్పని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. నొప్పి ఉంటే పది పది నిమిషాలుగా విడగొట్టుకుని నడవండి, అడుగులు చిన్నగా వేయండి.

ఇంట్లో అన్నిటికంటే ముందు మార్చుకోవాల్సింది మంచం మీద తిరగడం. రాత్రి నిద్ర చెడగొట్టేది అదే. ముందు రెండు మోకాళ్లూ వంచి దగ్గరికి చేర్చండి. ఊపిరి మెల్లగా వదులుతూ పొత్తికడుపును కొద్దిగా లోపలికి లాగి, భుజాలు, తుంటి, మోకాళ్లు అన్నీ ఒక్కసారే దొర్లేలా తిరగండి. లేవాలంటే పక్కకు తిరిగి, కాళ్లు మంచం దించుతూ చేతులతో నెట్టుకుని లేవాలి. వెల్లకిలా నుంచి నేరుగా లేవొద్దు. పక్కకు పడుకున్నప్పుడు దిండు మోకాళ్ల మధ్యే కాదు, మడమల దాకా ఉండాలి. పాదం కిందికి వేలాడితే తుంటి మెలిపడుతుంది. ప్యాంటు కూర్చునే వేసుకోండి. మెట్లు ఒక్కొక్కటిగా, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టుకుంటూ ఎక్కండి. బెల్టు వాడేవాళ్లు చాలామంది పొట్ట మీదికి కట్టేస్తున్నారు. కటి నొప్పికి వాడేది పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదుగా వెళ్లాలి. నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు కట్టుకుని తర్వాత తీసేయండి.

మేం ఎంతవరకు మాట ఇవ్వగలమో కూడా చెప్పాలి. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ ఈ విషయం మీద 2015లో తెచ్చిన సమీక్ష 34 అధ్యయనాలను, మొత్తం 5,121 మంది గర్భిణుల వివరాలను పరిశీలించింది. నడుం నొప్పిని, దానివల్ల పనుల్లో వచ్చే ఇబ్బందిని ఎక్సర్‌సైజ్ తగ్గించవచ్చని తేలింది గానీ, ఆ ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అందులోనే రాశారు. కటి నొప్పికి అంత స్పష్టత కూడా రాలేదు. కాబట్టి "పది సిట్టింగుల్లో పూర్తిగా పోతుంది" అని ఇక మా దగ్గర ఎవరూ అనరు. నొప్పి తగ్గాలి, నిద్ర పట్టాలి, మీ పనులు మీరు చేసుకోగలగాలి. మా ప్రయత్నమంతా వాటికోసమే. ఎక్కువమందికి కాన్పు తర్వాత కొన్ని నెలల్లో నొప్పి తగ్గిపోతుంది. కొందరికి ఉండిపోతుంది. మూడు నెలలైనా తగ్గకపోతే "బిడ్డను ఎత్తుకుంటున్నాను కదా, మామూలే" అని వదిలేయకుండా రండి.

కొన్ని సందర్భాల్లో మా దగ్గరికి రావద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. నొప్పి వస్తూ పోతూ, ఆ వచ్చే ఎడం తగ్గుతూ, పొట్ట గట్టిపడుతుంటే. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టున్నా, బిడ్డ కదలికలు తగ్గినా. జ్వరంతో పాటు మూత్రంలో మంట ఉంటే. కాలు పట్టు తప్పుతున్నా, తొడల మధ్య తిమ్మిరిగా ఉన్నా, మూత్రం ఆపుకోలేకపోయినా లేక అసలు రాకపోయినా. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడుతున్నా. వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ గురించి ఆలోచించకండి. అలాగే ఇంట్లో ఎవరికో రాసిన నొప్పి మాత్ర వేసుకోకండి. ముఖ్యంగా 20 వారాలు దాటాక ఐబుప్రొఫెన్ లాంటివి బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించే ప్రమాదముంది. మీ డాక్టర్‌ను అడగకుండా ఏదీ వద్దు.

ఒక్కొక్కరికి ముప్పావుగంట కేటాయిస్తున్నాం కాబట్టి రోజుకు తీసుకోగలిగేవాళ్లు తగ్గారు, అపాయింట్‌మెంట్ దొరకడానికి కొన్ని రోజులు పడుతోంది. అందుకు క్షమించండి. నెలలు దగ్గరపడ్డవాళ్లకు, రాత్రి నిద్ర లేనివాళ్లకు ముందు ఇస్తున్నాం. ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పండి. వచ్చేటప్పుడు మీ డాక్టర్ రాసిన కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు తెచ్చుకోండి, వదులు బట్టలు వేసుకోండి. పాత షీటు చేసి నొప్పి పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మళ్లీ మొదటి నుంచి చూస్తాం, దానికి డబ్బు తీసుకోం.